రెండు గడియారాల మధ్య ఒక తీగ

ఎలక్ట్రానిక్ బోర్డుల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నాకు ఏ హోదా ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, రెండు యంత్రాల చేత, పాటకు వేసినట్టు, ఒకే తాళం వేయించడం. ఇంత సరదా అయిన ఉద్యోగం ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. రిటైరయి మూడేళ్ళయినా, తలుచుకుంటే కూర్చున్నచోట కాలు ఆగదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. తరవాత నేను చేసిన తప్పుకి మూలం అందులోనే ఉంది. మాది ఒకప్పుడు పద్నాలుగు ఊళ్ళ ఎస్టేటు. నేను పుట్టేనాటికి ఊళ్ళు పోయాయి, ఎస్టేటు పోయింది. వీపు నిటారుగా పెట్టి కూర్చునే అలవాటు మాత్రం మిగిలింది. మా తాతగారి కాలంలో మా దేవిడీలో గంట కొడితేనే కూలీలు పొలంలో దిగేవారట. ఆ గంటను ఆయన ఏ గడియారం చూసీ కొట్టించలేదు. తనకు ఎనిమిదయిందనిపిస్తే ఊరికి ఎనిమిది.

నేను పనిచేసిన కంపెనీ యజమాని అప్పలనాయుడు. తగరపువలస దగ్గర రైతు కుటుంబం. వాళ్ళ తాత మా తాతగారి గంటకు పొలంలో దిగినవాడే. ఆటోనగర్‌లో రెండో అంతస్తు, మూడు గదులు, పదకొండు మందిమి. నాయుడు నన్ను 'బావ' అనేవాడు. మొదటిసారి అన్నప్పుడు నేను పలకలేదు. రెండోసారీ పలకలేదు. మూడోసారి, "బావ, టీ సల్లారిపోతంది" అన్నాడు. పలికాను.

కన్ను తెరుచుకున్న రోజు

సీరియల్ లింక్ అంటే ఏమిటని చుట్టాలు అడిగితే నేను ఇలా చెబుతాను. పూర్వం తీగలు పక్కపక్కన పెట్టి బిట్లను, అంటే ఒకట్లనూ సున్నాలనూ, అన్నిటి మీదా ఒకేసారి పంపేవారు. వేగం పెరిగేకొద్దీ ఒక తీగలో బిట్ ముందూ ఇంకో తీగలో బిట్ వెనకా వచ్చి తగువు మొదలయింది. అందుకని ఇప్పుడు ఒక్క జత తీగ మీద, ఒకదాని వెనక ఒకటి, సెకనుకు వందల కోట్ల బిట్లు తోలుతారు. అవతలి యంత్రం ప్రతి బిట్‌నూ సరిగ్గా దాని నడుమ చూసి చదవాలి. అంచున చూస్తే అది ఒకటో సున్నానో దానికి తెలియదు. ఎప్పుడు చూడాలో చెప్పేది గడియారం. మేం క్లాక్ అంటాం. బోర్డు మీద చింతగింజంత వెండిరంగు డబ్బాలో ఒక స్ఫటికం వణుకుతూ ఉంటుంది. దాన్ని క్రిస్టల్ అంటారు. మొత్తం బోర్డు దాని తాళానికి ఆడుతుంది.

కాలేజీలో మీకు డేటా గురించి చెబుతారు. డేటా ఎవరైనా పంపుతారు. ఎప్పుడు చదవాలో తెలియడమే మన ఉద్యోగం.

తాళం బాగుందో లేదో చూడడానికి ఆసిల్లోస్కోప్ తెర మీద లక్షల బిట్లను ఒకదాని మీద ఒకటి పరుస్తాం. అప్పుడు కన్ను లాంటి ఆకారం వస్తుంది. తాళం నిలకడగా ఉంటే కన్ను విప్పారుతుంది, తడబడితే మూసుకుపోతుంది. నా బోర్డు మొదటిసారి కన్ను తెరిచిన మధ్యాహ్నం నాకు ఎవరికీ చెప్పకుండా ఉండడం చేతకాలేదు. నాయుడు ఊళ్ళో లేడు. కింద బేరింగుల షాపులోకి వెళ్ళి, "కన్ను తెరిచిందండీ!" అన్నాను. షాపాయన లేచి నిలబడి, "ఎవురికండీ, ఆపరేషనేటి?" అన్నాడు.

చందనం బొట్టు

క్రిస్టల్ ఎంత సున్నితమో నాకు పుస్తకం చెప్పలేదు. దసరాకి ఆఫీసులో ఆయుధపూజ చేశాం. స్కోపుకి బొట్టు, టంకం పెట్టే వేడి కడ్డీకి బొట్టు, టేబుల్ మీదున్న కొత్త బోర్డుకీ బొట్టు. పూజ అయ్యాక బోర్డుకు కరెంటు ఇస్తే పలకలేదు. రెండు రోజులు వెతికాను. ప్రోగ్రాము తిరగేశాను, చిప్పు మార్చాను. మూడో రోజు భూతద్దం పెట్టి చూస్తే క్రిస్టల్ కాళ్ళ మధ్య పసుపురంగు ముద్ద.

"ఇదేమిటి?" అని నాయుణ్ణి అడిగాను.

"సింహాచలం సందనం బావ. మాయమ్మ తెచ్చింది. గుండెకాయ మీద ఎట్టమంది. నువ్వే అన్నావు కదేటి, క్రిస్టలే బోర్డుకి గుండెకాయని?"

స్పిరిట్‌తో తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "దేవుడి బొట్టు తుడిసేత్తావేటి!" చివరికి ఆయనే రెండు చెంపలూ వేసుకుని, కళ్ళు మూసుకుని తుడిచాడు. తడి పోగానే బోర్డు పలికింది. మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మరుసటి ఏడు నుంచి బొట్టు పెట్టెకే పెట్టాం.

పని చేయని బోర్డును ముందు కంటితో చూడండి. తరవాతే తెలివి వాడండి.

వద్దన్న తాళం

ఇక అసలు సంగతి. పన్నెండేళ్ళ కిందట గాజువాక అవతల ఒక రోలింగ్ మిల్లు వాళ్ళు మాకు పని ఇచ్చారు. ఎర్రగా కాలిన ఇనప చువ్వ రోలర్లలోంచి దూసుకువస్తుంటే, దాని మీద పగుళ్ళు ఉన్నాయేమో కెమెరా చూడాలి. కెమెరా పెట్టె చువ్వ పక్కన ఉంటుంది. కంప్యూటర్ ముప్పై మీటర్ల దూరంలో, ఏసీ గదిలో. మధ్యలో మా సీరియల్ కేబుల్. కంప్యూటర్ వైపు కార్డు నాయుడు చేశాడు, కెమెరా పెట్టె నేను చేశాను.

"బావ, నా కార్డు క్లాకుని కేబుల్లోనే ఇంకో జత తీగ మీద నీకు పంపుతన్నాను. నీ పెట్టె దాంతోనే నడిపీ. రెండు కొసలకీ ఒకటే గడియారం. గొడవుండదు," అన్నాడు నాయుడు.

"నా పెట్టెకు నా క్రిస్టల్ ఉంటుంది."

"ఎందుకు బావ?"

"అంత పొడుగు కేబుల్లో వచ్చిన క్లాక్ వణుకుతుంది."

"వణుకు తీసే సిప్పు నీ బోర్డు మీదే ఉంది కదేటి?"

ఉంది. ఆ చిప్పును ఎంచి పెట్టింది నేనే. అయినా ఒప్పుకోలేదు. నాయుడి గడియారం చూసుకుని నా బోర్డు నడవడం నా ఒంటికి పడలేదు. ఇంజినీరు అహంకారానికి ఎప్పుడూ ఒక సాంకేతిక కారణం దొరుకుతుంది. ఈ ఒక్క వాక్యం మీరు గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసం మిగతాదంతా మరచిపోయినా ఫరవాలేదు.

నాయుడు "సరే, ఆ తీగల కోసం బోర్డు మీద జాగా అయినా ఉంచు," అన్నాడు. ఉంచాను. తీగలు మాత్రం కలపలేదు.

రెండు క్రిస్టళ్ళూ ఒకే రకం, ఒకే పెట్టెలోంచి తీసినవి. కానీ ఏ రెండు క్రిస్టళ్ళూ సరిగ్గా ఒకే వేగంతో కొట్టవు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని చదివే వైపు బిట్లు కాసేపు నిలవుండే ఒక తొట్టి పెడతాం. వచ్చే బిట్లు పంపేవాడి వేగంతో తొట్టిలో పడతాయి, చదివేవాడు తన వేగంతో తోడుకుంటాడు. తేడా కొంచెమైతే తొట్టి సర్దుకుంటుంది. ఒక చువ్వ బొమ్మ పూర్తయి రెండోది మొదలయ్యే సందులో తొట్టిని మళ్ళీ సగానికి తెచ్చుకునేలా రాశాను. ఆఫీసులో పరీక్ష బ్రహ్మాండంగా నడిచింది. మా దగ్గర చువ్వ లేదు కనుక బారెడు ఇనప ఊచ తీసుకుని చేత్తో కెమెరా ముందు లాగేవాళ్ళం. రెండు సెకన్లలో బొమ్మ అయిపోయేది. వారం రోజులు లాగాం. ఒక్క తప్పూ రాలేదు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

"సూడక్కర్లేదా?"

మిల్లులో చువ్వ రెండు సెకన్లది కాదు. ఒక్కొక్కటి నిమిషం పైన పరుగెడుతుంది. సోమవారం మిల్లులో పెట్టె బిగిస్తే, మొదటి చువ్వ సగానికి రాకముందే బొమ్మ తెగింది. మళ్ళీ అతుక్కుంది, మళ్ళీ తెగింది. పెట్టె మీది పచ్చ దీపం ఎర్రగా మారడం, మళ్ళీ పచ్చబడడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే.

మిల్లు మేనేజరు మూర్తిగారు అడిగారు, "ఏమిటండీ ఇది?"

నేను తడుముకోలేదు. "వేడికి టంకం వదులుతోంది," అన్నాను.

ఆ టంకం పెట్టింది నూకరత్నం. మాతోపాటు మిల్లుకి వచ్చి నా వెనకే నిలబడి ఉంది. వాళ్ళమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలంలో కొని అమ్ముతుంది. రత్నం అక్కడే ఐసు కర్మాగారంలో ఐదేళ్ళు ఐసు దిమ్మలు మోసి, వేళ్ళు పగిలిపోతుంటే మానేసి, టంకం పని నేర్చుకుని మా దగ్గర చేరింది. వెంట్రుకంత తీగను భూతద్దం కింద అతికిస్తుంటే ఊపిరి కూడా తీసేది కాదు.

మూర్తిగారు టంకం ఎవరు పెట్టారో అడిగి, అక్కడే తీర్పు చెప్పేశారు. "ఇంకొక్క అవకాశం ఇస్తాను, శుక్రవారం. ఆ మనిషిని మార్చండి. ఆవిడ చెయ్యి పడిన బోర్డు నా మిల్లుకి రాకూడదు."

ఆటోలో తిరిగి వస్తుంటే రత్నం నా వైపు తిరిగింది. "బాబూ, నా టంకం మీరు సూసినారేటి?"

"చూడక్కరలేదు. లక్షణాలు తెలుస్తూనే ఉన్నాయి."

"సూడక్కర్లేదా?" అంది. టంకం సంచి ఒళ్ళో పెట్టుకుని ముందుకు తిరిగింది. ఆటోనగర్‌లో దిగేటప్పుడు నాయుడితో అంది, "శనివారం నుంచి ఐసు కాడికి ఎల్లిపోమంటారా బాబూ, ఇప్పుడే సెప్పీండి. ఆల్లకి మనుసులు కావాలంట." నాయుడు నేల చూపులు చూశాడు. ఆర్డరు పోతే మా పదకొండు మందిలో సగం మందికి పని ఉండదని అందరికీ తెలుసు.

రత్నం ఫోను

బుధవారం పొద్దున్న రత్నం నా టేబుల్ దగ్గరకు వచ్చి, అడగకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో ఫోను.

"మాయమ్మకి సూపిద్దామని మిల్లులో ఇడియో తీసినాను. సూడండి."

తెర మీద నిప్పులా చువ్వ పరుగెడుతోంది, పక్కన మా పెట్టె, దాని దీపం. రత్నం వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." తొమ్మిది అనగానే దీపం ఎరుపయింది. మళ్ళీ మొదలు. మళ్ళీ తొమ్మిదికే ఎరుపు. మళ్ళీ తొమ్మిది.

"ఇది పొద్దుటిది. ఇప్పుడు మద్దేనం పూట తీసింది సూడండి." ఈసారి ఆరు. మళ్ళీ ఆరు. మళ్ళీ ఆరు.

"టంకం ఇడిపోతే దాని ఇట్టమొచ్చినప్పుడు ఇడిపోవాల. ఒకపాలి అదిరితే ఇడిపోవాల, ఒకపాలి అతుక్కోవాల. ఇదేటి బాబూ, టేసన్లో జవాను గంట కొట్టినట్టు కొడతంది? తప్పుకి ఇంత టైము తెలుత్తాదేటి?"

నేను ఆ ఫోను లాక్కుని నాలుగుసార్లు చూశాను. వేళ్ళు మడిచాను. తొట్టి! తొట్టి నిండుతోంది! నా క్రిస్టల్ నాయుడి క్రిస్టల్ కన్నా వెంట్రుకవాసి ముందుంది. రెండు సెకన్ల ఊచకి తొట్టి నిండే వ్యవధే లేదు. నిమిషం చువ్వకి నిండి పొర్లుతోంది. పొర్లగానే లింక్ తెగి, తొట్టి ఖాళీ అయి, మళ్ళీ మొదలు. మధ్యాహ్నం చువ్వల వేడికి నా క్రిస్టల్ వేడెక్కింది, నాయుడి క్రిస్టల్ ఏసీలో చల్లగా కూర్చుంది, తేడా పెరిగింది, తొమ్మిది ఆరయింది. అంతా అతికినట్టు సరిపోయింది!

తప్పు తనదేనని తెలిసిన క్షణంలో మనిషి కుంగిపోవాలి. నేను స్టూలు మీంచి లేచి పకపకా నవ్వాను. రత్నం భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఆనందం ఎలాంటిదో మీకు మాటల్లో చెప్పలేను. మీకూ ఏదో ఒక రోజు వస్తుంది, అప్పుడు ఎవరినైనా కౌగిలించుకోవాలనిపిస్తుంది. దగ్గరలో రత్నమే ఉంది కనుక, మర్యాద కోసం కిందికి పరుగెత్తి బేరింగుల షాపాయనను కౌగిలించుకున్నాను.

పైకి వచ్చేసరికి నవ్వు తగ్గింది. రత్నం ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అయితే టంకం కాదా?" అంది.

"కాదు."

"మరేటి?"

"నా గడియారం."

"మీకు మొన్నే తెలిత్తే బాగుణ్ణు," అని వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.

మందు సులువు. నా క్రిస్టల్‌ని తీసేసి, నాయుడి క్లాక్ తీగల జతను ఆ ఖాళీ జాగాలో కలపాలి. ఎంత వేడెక్కినా రెండు కొసలూ అదే గడియారం చూస్తాయి కనుక తొట్టి ఎప్పటికీ పొర్లదు. కలిపింది రత్నమే. అంత సన్నని పని ఇంకెవరికీ రాదు. గురువారమంతా బోర్డును వేడి చేసి, నిమిషాల తరబడి బొమ్మలు పంపి చూశాం. దీపం పచ్చగానే ఉంది.

సాయంత్రం నాయుడు నన్ను మెట్ల దగ్గరకు పిలిచాడు. "బావ, ఒక మాట. మిల్లోలకి టంకమని సెప్పీసినాం. అదే ఉండనీ. టంకం తప్పంటే మనిసిని మారిస్తే పోద్ది. డిజైనే తప్పంటే ఆర్డరే తీసేత్తారు."

"రత్నం సంగతి?"

"ఆర్నెల్లు లోపల కూకోబెడతాను. మిల్లుకి పంపను. ఆల్లు మరిసిపోతారు."

ఆయన మాటలో అన్యాయం ఉంది, తెలివి కూడా ఉంది. నాకు అది హాయిగానే వినిపించింది, దాచడమెందుకు? మూడు తరాలుగా మా ఇంట్లో ఎవరూ పైకి తప్పు ఒప్పుకున్న దాఖలా లేదు. నేను మెట్లు దిగి ఇంటికి పోయాను.

మళ్ళీ మిల్లులో

శుక్రవారం రత్నం కూడా మాతో వచ్చింది. తీగ తెగితే అతకడానికి ఆమె కావాలి. గేటు దగ్గర కాపలావాడు చీటీ చూసి, "ఈవిడికి పర్మిషను లేదండి, మేనేజరుగారు రాసినారు," అన్నాడు. రత్నం టంకం సంచి గట్టు మీద పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. మేం లోపలికి వెళ్ళాం.

భోజనాల ముందు ఆఖరి చువ్వ మాకు ఇచ్చారు. మిల్లు చప్పుడు ఎలాంటిదో వినని వాళ్ళకు చెప్పడం కష్టం. పక్కవాడి మాట వినాలంటే వాడి నోట్లో చెవి పెట్టాలి. చువ్వ బయలుదేరింది. నేను వేళ్ళు మడుస్తున్నాను. ఆరు. పచ్చ. తొమ్మిది. పచ్చ. పన్నెండు. ఇరవై. వేళ్ళు చాలక మళ్ళీ మొదటికి వచ్చాను. నలభై! నాయుడు నా భుజం పట్టి గుంజేస్తున్నాడు. తెర మీద చువ్వ బొమ్మ ఒక్కచోట కూడా తెగకుండా పారుతోంది. నా వీపు ఎటు వంగిందో నాకు తెలియదు, నేను గెంతుతున్నానని తరవాత నాయుడు చెప్పాడు.

మూర్తిగారు నవ్వుతూ నా చెవిలో అరిచారు. "చూశారా! నేను చెప్పలా! ఆ టంకం మనిషిని మార్చగానే కుదిరింది!"

నాయుడు నన్ను చూశాడు. తల అడ్డంగా కొంచెం ఊపాడు.

నాకు గేటు దగ్గర గట్టు కనిపించింది. నిజంగా కాదు, అక్కడినుంచి గేటు కనపడదు.

"మార్చలేదండీ! ఆవిడే అతికింది!" అని అరిచాను.

"ఏమిటీ?" మూర్తిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టారు.

"ఆవిడ టంకంలో తప్పు లేదు!"

"టంకం తప్పా? అదేగా నేనన్నది!"

నాయుడు నా చొక్కా లాగుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా వంశంలో మొదటిసారి ఒకడు తప్పు ఒప్పుకోబోతుంటే వినే దిక్కు లేదు! గుండెల నిండా గాలి పీల్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, ఉన్న బలమంతా కూడగట్టాను. సరిగ్గా అప్పుడే చువ్వ తోక రోలర్లలోంచి బయటపడింది, భోజనాల కోసం మోటార్లు ఆపేశారు.

"తప్పు నాదండీ! నాదే! నాయుడి గడియారం చూసుకోవడానికి నాకు సిగ్గేసింది!"

షెడ్డంతా నిశ్శబ్దం. క్రేను మీద ఉన్నవాడు కిందికి తొంగి చూశాడు. అన్నం డబ్బాలు పట్టుకున్న నలభై మంది కూలీలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నా గొంతు రేకుల కప్పుకి తగిలి రెండుసార్లు తిరిగి వచ్చింది.

మూర్తిగారు నెమ్మదిగా చెవి మీది చెయ్యి తీశారు. తెర వైపు చూశారు. మళ్ళీ నా వైపు చూశారు. "మళ్ళీ తెగదు కదా?" అన్నారు.

"తెగదండీ."

"అయితే మధ్యాహ్నం నుంచి పది చువ్వలు చూపించండి. తరవాత మాట్లాడుకుందాం," అన్నారు. నాయుడు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

నేను గేటుకి నడిచాను. పరుగెత్తానేమో కూడా. రత్నం గట్టు మీంచి లేచి, టంకం సంచి భుజానికి వేసుకుని నిలబడి ఉంది. కాపలావాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"రత్నం, నేను లోపల..." అని మొదలుపెట్టాను.

"ఇనబడింది బాబూ," అంది. "యారాడ కొండ మీదకి కూడా ఇనబడుంటాది. ఇప్పుడు నన్ను లోపలికి రమ్మంటారా, ఇంకోపాలి అరుత్తారా?"